పాట దొరకాలంటే పేరుండాలి

ఇంటిలోని సీడీలను, క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించదలచిన సంగీతప్రియులు సాధారణంగా యంత్రాన్ని గురించే అడుగుతారు. ఏ ప్రోగ్రాము మంచిది? ఎంత పెద్ద డిస్కు కావాలి? ఇవి అడగవలసినవే గాని, సమాధానం ఒక పూటలో తెలిసిపోతుంది. అసలు శ్రమ పేర్ల దగ్గర ఉన్నది.

ముందు సులువైన సంగతి ముగిద్దాం. 1982లో విపణికి వచ్చిన సీడీ, ధ్వనిని సెకనుకు 44,100 పర్యాయాలు కొలిచి అంకెలుగా భద్రపరుస్తుంది. ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్లు కంప్యూటరులోకి తీయడాన్నే రిప్పింగు అంటారు. నిమిషం సంగీతానికి సుమారు 10 మెగాబైట్లు పడుతుంది. ఎం.పి.3 పద్ధతి, చెవి పట్టుకోలేదని తలచిన భాగాన్ని తొలగించి ఈ పరిమాణాన్ని పదోవంతుకు దించగలదు. తొలగినది తిరిగి రాదు. 2001లో వచ్చిన ఫ్లాక్ పద్ధతి ఒక్క అంకెనూ వదలక, ఇంచుమించు సగానికి కుదిస్తుంది. డిస్కులు ఖరీదుగా ఉన్న రోజులలో ఎం.పి.3 సమంజసమే. ఇప్పుడు 200 సీడీలను ఫ్లాక్‌లో దాచినా ఒక టెరాబైటు డిస్కులో పదోవంతు నిండదు కనుక వెనుకాడనవసరం లేదు.

ఇక పేర్లు. చాలామందికి తెలియని విషయమేమంటే, మామూలు ఆడియో సీడీలో పాటల పేర్లు ఉండవు. ధ్వని, ఏ పాట ఎక్కడ మొదలవుతుందో తెలిపే పట్టిక మాత్రమే ఉంటాయి. కంప్యూటరు ఆ పట్టికను ఇంటర్నెట్‌లోని జాబితాలతో పోల్చి, ఎవరో ఎక్కించిన పేర్లను తెచ్చి చూపుతుంది. ఆ ఎవరో త్యాగయ్య పేరును ఇంగ్లీషులో ఒక డిస్కుకు ‘హెచ్’ అక్షరంతోను, మరొక డిస్కుకు అది లేకుండాను వ్రాస్తే, కంప్యూటరు దృష్టిలో ఇద్దరు వాగ్గేయకారులు వెలుస్తారు! తెలుగు లిపిలో మనమే వ్రాసుకుంటే ఈ తంటా చాలవరకు తీరుతుంది.

నిజానికి ఈ ఏర్పాటు మన సంగీతాన్ని దృష్టిలో ఉంచుకొని చేసినది కాదు. 1996లో పాట ఫైలుకు పేరుచీటీ తగిలించే పద్ధతి రూపొందినప్పుడు పాటకు, గాయకునికి, ఆల్బమ్‌కు ముప్పయ్యేసి అక్షరాల చోటు ఇచ్చారు. అందులోని 80 సంగీతరీతుల జాబితాలో పోల్కా నృత్యసంగీతానికి స్థానం దొరికింది; కర్ణాటక సంగీతానికి దొరకలేదు. ఫ్లాక్ ఫైలులో మనకు కావలసిన గడులు మనమే చేర్చుకోవచ్చు. రాగం, తాళం, వాగ్గేయకారుడు, గాత్రం, పక్కవాద్యాలు, ఇన్నిటికీ వేరువేరు గడులు పెట్టుకోవడం అతి జాగ్రత్త కాదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడారు, కృతులు రచించారు, వయోలా వాయించారు. ఒకే గడి ఉంటే ఆయన పేరు ఏ హోదాలో చేర్చినట్లు?

సినిమా పాటల పేచీ వేరు. ‘దేవదాసు’ పేరుతో 1953లో ఒకటి, 1974లో ఒకటి, 2006లో ఒకటి తెలుగు చిత్రాలు వచ్చాయి. ఫోల్డరు పేరులో సంవత్సరం చేర్చకపోతే మూడు తరాల పాటలు ఒకే కుప్పలో పడతాయి.

క్యాసెట్ల విషయంలో మాత్రం ఓపికే పెట్టుబడి. గంట క్యాసెట్టు గంటసేపు నడవవలసిందే. అంగడిలో కొన్నదానికి మరొక ప్రతి ఎక్కడో ఉంటుంది. రేడియోలో ‘భక్తిరంజని’ వస్తుండగా ఇంట్లో రికార్డు చేసుకున్నదానికి, పెళ్లిలో అమ్మమ్మ పాడిన మంగళహారతికి మరొక ప్రతి ఉండకపోవచ్చు. దాని అట్టమీద ‘రేడియో - 2’ అని మాత్రమే ఉంటుంది. పాడినదెవరో ఏ జాబితా చెప్పలేదు. ఇంట్లోని ఎనభై ఏళ్ల పెద్దవారు గొంతు వినగానే చెప్పగలరు.

అందుచేత అందరూ పాటించే క్రమాన్ని తలక్రిందులు చేయమని నా సలహా. సీడీలను పక్కన పెట్టి, ముందు ఇటువంటి క్యాసెట్లనే ఎక్కించండి. ఆ పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకొని, ఎవరు పాడారో, ఏ ఊళ్లోనో, ఏ యేటనో వారు చెప్పినట్లే వ్రాసుకోండి. వారు సందేహించినచోట ప్రశ్నార్థకం ఉంచండి. మీ ఊహతో ఖాళీ పూరించవద్దు. అట్టమీది చేతివ్రాతను ఫోటో తీసి అదే ఫోల్డరులో చేర్చండి. మొత్తానికి రెండవ ప్రతి తీసి వేరొక ఇంట భద్రపరచండి. సీడీలు మరికొన్ని నెలలు ఆగగలవు.