బడి గ్రౌండ్‌ల మక్కలు పోసే ముందు ఒక్క మాట



వానకాలం మక్కలు ఇరిసే రోజులు దగ్గరికొస్తున్నయి. ఎక్కడ ఆరబోయాలె అన్న మాట రాంగనే అందరి చూపు బడి గ్రౌండ్ మీదికే పోతది. కల్లాలు చాలవు, రోడ్డు మీద పోస్తే రాత్రిపూట బండ్లోళ్లకు ప్రమాదం. ఈ తిప్పలు నాకు తెల్వనివి కావు, నేను చేసేదీ ఎవుసమే. అయినా ఈసారి ఆ గ్రౌండ్‌ను పిల్లలకు విడిచిపెడదామని అడుగుతున్న. ఎందుకో చెప్త, కొంచెం ఓపికతో చదవండి.

2021 సెప్టెంబర్ 15 నుంచి 19 దాక హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగినయి. ఉరుకుడు, దుంకుడు, విసురుడు, అన్నిట్ల దేశంలోని పెద్ద పెద్ద ఆటగాళ్లు మన తెలంగాణ గడ్డ మీదికి వచ్చి పోటీ పడ్డరు. ఆడవాళ్ల 1500 మీటర్ల పరుగుల పంజాబ్ బిడ్డ హర్మిలన్ బైన్స్ 4 నిమిషాల 5.39 సెకన్లలో ఉరికి జాతీయ రికార్డు కొట్టింది. అంతకు ముందు ఆ రికార్డు సునీతా రాణిది. 2002ల బూసాన్ ఆసియా క్రీడల్లో ఆమె 4 నిమిషాల 6.03 సెకన్లలో ఉరికింది. రెంటికీ తేడా లెక్కగట్టండి. 0.64 సెకను. కన్ను మూసి తెరిసేంత సేపు. అంత తగ్గడానికి ఈ దేశానికి 19 ఏండ్లు పట్టింది.

ఇంకో సంగతి. ఈ హర్మిలన్ తల్లి మాధురి గూడ పరుగు పందెగత్తెనే. అదే బూసాన్‌ల 800 మీటర్లల్ల వెండి పతకం తెచ్చినామె. తండ్రీ పరుగు తెలిసినోడే. ఏం తినాలె, ఎప్పుడు ఉరకాలె, ఎప్పుడు ఆగాలె అన్నది ఆ పిల్లకు ఇంట్లనే దొరికింది. మన పిల్లలకు నాగలి పట్టుడు ఎవరూ ప్రత్యేకంగ నేర్పరు గదా, అట్లనే అనుకోండి.

మరి ఇంట్ల ఆట ముచ్చటే తెల్వనోళ్ల పిల్లల సంగతేంది? వాళ్లకు బడే దిక్కు.

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ ఊరి బిడ్డ జీవాంజి దీప్తిని చూడండి. అమ్మానాయినలు కూలి పనికి పోయేటోళ్లు. పిల్లకు పుట్టుకతోనే మేధోపరమైన వైకల్యం. ఊర్ల నోటికొచ్చిన మాటలన్నరు. ఆ పిల్ల ఉరుకుడు ముందుగల్ల చూసింది బడిల ఆటల సారే. ఆ తర్వాత కోచ్ నాగపురి రమేష్ గారి దగ్గరికి చేరింది. 2024 మే నెలల జపాన్‌లోని కోబెల జరిగిన ప్రపంచ పారా పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో ఉరికి, అప్పటికి ప్రపంచ రికార్డుతోని బంగారు పతకం తెచ్చింది. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌ల కంచు పతకం. కష్టకాలంల ఇంటోళ్లు అమ్ముకున్న భూమిని ఆట పైసలతోనే మళ్ల కొన్నది. భూమి అమ్ముకునుడు అంటే ఏందో, మళ్ల కొనుడు అంటే ఏందో నేను మీకు చెప్పాల్నా?

అగసర నందిని ఇంకొకామె. తండ్రి చాయ్ అమ్ముకునేటాయన. నందిని చదివింది సాంఘిక సంక్షేమ గురుకులంల. రెండు రోజుల్ల ఏడు ఆటలు ఆడే హెప్టాథ్లాన్‌ల 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కంచు పతకం, 2025 ఆసియా అథ్లెటిక్స్ పోటీల్లో బంగారు పతకం తెచ్చింది.

ఈ ఇద్దరి దగ్గర పైసలు లేకుండె, పేరు లేకుండె. ఉరికెటందుకు ఇంత జాగ, చూసెటందుకు ఒక సారు, ఇవి దొరికినయి. అంతే తేడా.

"ఆటలు కూడు పెడతయా?" అని మీల కొందరు అడుగుతరు. అడగవలసిన ప్రశ్ననే. జాతీయ పోటీల ఫలితాలు పేపర్ల వచ్చినప్పుడు పేరు పక్కన చూడండి. శానా మందికి రాష్ట్రం పేరు ఉండదు, రైల్వేస్ అనో సర్వీసెస్ అనో ఉంటది. అంటే ఆ పిల్లలకు ఆట మీద నౌకరి దొరికింది, జీతం వస్తున్నది. అందరికీ వస్తదని నేనంటలేను. మన ఊరు మొత్తంల ఒక్కరికీ రాకపోవచ్చు. కానీ ఆ దారి ఉన్నదని తెల్వకుండనే మన పిల్లలు పదో తరగతి దాటిపోతున్నరు, అదీ నా బాధ.

ఇంకో మాట గూడ మానుకోవాలె. "మన చెంచు పిల్లలు అడివిల ఉరికినోళ్లు, పుట్టుకతోనే ఆటగాళ్లు" అని పొగుడుతం. పొగిడి ఊకుంటం. పొగడ్తతోని బూట్లు రావు, గుడ్లు రావు, సారు రాడు. నల్ల రేగడి మంచిదని విత్తనం పెట్టకుండ కూసుంటే పత్తి మొలుస్తదా?

మన అమ్రాబాద్ పొడ తూర్పు ఎడ్ల పేరు ఎక్కడిదాకనో పోయింది. కురుమూర్తి జాతరల వాటికి మంచి ధర పలుకుతది. కానీ కోడెకు బలం జాతరల వస్తదా? కొండలెక్కి మేసిన మేతల, కాసినోని కష్టంల వస్తది. జాతరల ధర తేలుతది, అంతే. హనుమకొండ పోటీలైనా ఒలింపిక్స్ అయినా అసొంటి జాతరనే. పతకం అక్కడ మెడల పడ్డా, తయారయ్యేది పదేండ్ల ముందు ఏదో ఒక ఊరి బడి గ్రౌండ్‌ల.

ఇగ మన లెక్కకొద్దాం. ఎకరం జాగ సాఫుగ ఉంటే 200 మీటర్ల గుండ్రటి బాట పడుతది. సున్నంతోని గీత గీస్తే చాలు. రెండు సుట్లు తిరిగితే దీప్తి ఉరికిన 400 మీటర్లు. ఏడున్నర సుట్లు తిరిగితే హర్మిలన్ ఉరికిన 1500. ఆ బాట మీద ట్రాక్టర్ టైర్ల గుంతలు పడ్డయనుకో, మక్క బెండ్లు, రాళ్లు మిగిలినయనుకో, పిల్లల మడిమలు తిరుగుతయి. మండలం, జిల్లా ఆటలకు పిల్లల్ని ఎంపిక చేసే రోజులూ, మనం మక్కలు పోసే రోజులూ ఒక్కటే అయితున్నయి.

అందుకే నేననేది ఇది. యాసంగి మక్కలు ఎండకాలం సెలవుల్ల గ్రౌండ్‌ల పోసుకుందాం, ఎవ్వరికీ నష్టం లేదు, ఎత్తినంక ఊడ్చి ఇద్దాం. వానకాలం పంటకు మాత్రం గ్రౌండ్ ముట్టొద్దు. దానికి బదులు ఊరుమ్మడి కల్లం కావాలని గ్రామసభల అందరం కలిసి అడుగుదాం. అదే కాగితం మీద ఆటల సారు పోస్టు గూడ రాద్దాం. ఇంకొకటి మన చేతులనే ఉన్నది. పత్తి ఏరే రోజుల్ల ఆటలకు ఎంపికైన ఆడపిల్లను "కూలి దొరుకుతలేదు, ఈ వారం ఆగు బిడ్డా" అని ఆపొద్దు. పత్తి నాలుగు రోజులు ఆలస్యంగ ఏరుకోవచ్చు. ఆ పిల్లకు ఆ పోటీ మళ్ల ఏడాదికి గానీ రాదు.

వచ్చే గ్రామసభల నేను ఈ మాట లేవదీస్త. ఒప్పుకునేటోళ్లు పక్కన నిలవడండి. ఒప్పుకోనోళ్లు కల్లం ఎక్కడ కట్టొచ్చో జాగ చూపించండి, అదీ సాయమే.