ఖాళీ వేరు, సున్న వేరు

జీడిపప్పు ధర తెలుసుకోవాలన్నా, వర్షపాతం లెక్క చూడాలన్నా, తుఫాను ఎటు మళ్ళినదో కనిపెట్టాలన్నా నేడు పలాసలోను, టెక్కలిలోను, ఉద్దానం తీరగ్రామాలలోను అనేకులు వెబ్ పేజీలనే ఆశ్రయిస్తున్నారు. అట్టి పేజీల నుండి కావలసిన అంకెలను మాత్రమే ప్రోగ్రాము ద్వారా ఏరి తీసుకొనడం విద్యార్థులు నేర్వదగిన విద్య. అయితే అందులో ఒక ప్రమాదమున్నది. ఖాళీని సున్నగా భ్రమించడమే ఆ ప్రమాదం.

1995లో జావాస్క్రిప్ట్ పుట్టినది. పేజీ తెరుచుకొన్న పిమ్మట వెనుకనుండి సమాచారం తెప్పించుకొనే పద్ధతి క్రమంగా ప్రబలి, 2005లో 'అజాక్స్' అనే పేరు పొందినది. ఇట్టి పేజీలలో మొదట వచ్చే హెచ్‌టీఎమ్‌ఎల్ తరచు ఖాళీ చట్రం మాత్రమే. బ్రౌజరు జావాస్క్రిప్టును నడిపిన తరువాతనే పట్టికలో అంకెలు వచ్చి చేరుతాయి. మొదటి చట్రాన్నే చదివి తృప్తిపడే ప్రోగ్రాముకు గడి ఖాళీగా కనబడుతుంది. తొందరపాటు గలవాడు అక్కడ సున్న వేస్తాడు.

దీనికి మార్గాలు రెండు. బ్రౌజరులోని నెట్‌వర్కు విభాగాన్ని పరిశీలిస్తే అంకెలు ఏ చిరునామా నుండి వస్తున్నవో తెలుస్తుంది. తరచు అవి జేసన్ రూపంలో ఉంటాయి. అనుమతి ఉన్నచో అక్కడి నుండే గ్రహించవచ్చు. అట్లు కుదరనప్పుడు సెలీనియం, ప్లేరైట్ వంటి సాధనాలతో నిజమైన బ్రౌజరునే నడిపించి, కావలసిన గడిని సెలెక్టరుతో గుర్తించి, అందులో అంకె చేరే వరకు వేచి ఉండాలి. 'ఐదు సెకన్లు ఆగుదాం' అనే నియమం చాలదు. పట్నంలో రెండు సెకన్లలో వచ్చేది సిగ్నలు అందని పల్లెలో ఇరవై సెకన్లకైనా రాకపోవచ్చు. గడువు తీరినా రాకపోతే 'రాలేదు' అని వ్రాయాలి గాని సున్న వేయరాదు.

ఇది చాదస్తమని కొందరనవచ్చు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినది. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలకొరిగినవి. విద్యుత్తు, టెలిఫోను స్తంభించినవి. అట్టి వేళ ఒక గ్రామం నుండి అంకె రాకపోవడం అక్కడ నష్టం లేదనడానికి సాక్ష్యం కాజాలదు. వార్త రాని చోటనే నష్టం అధికమై ఉండవచ్చు. అక్కడ సున్న వేసినచో, సహాయం ముందుగా చేరవలసిన ఊరే జాబితాలో చిట్టచివరకు జారిపోతుంది.

ఏరుకొనడంలోనూ మర్యాద ఉండాలి. బహిరంగంగా ప్రకటించిన అంకెలనే, సర్వరుపై భారం పడకుండా తీసుకోవాలి. ఉద్దానంలో మూత్రపిండ వ్యాధిగ్రస్తుల వ్యక్తిగత వివరాలు ఎక్కడ కనబడినా వాటిని ముట్టరాదు.

ప్రభుత్వ సమాచారాన్ని యంత్రాలు చదువగల రూపంలో అందరికీ అందించాలని 2012 నాటి జాతీయ విధానమే చెప్పినది. కార్యాలయాలన్నీ దానిని పాటించినచో ఈ శ్రమలో చాలా భాగం తప్పుతుంది. అంతవరకు, మన ప్రాంతపు వాన, పంట, ధరల అంకెలతోనే ఈ అభ్యాసం చేయించవలసినదిగా కళాశాల కార్యవర్గానికి మా మనవి. తెలియనిదానిని తెలియదని వ్రాయగల ధైర్యం ఏ శాస్త్రానికైనా తొలి పాఠమని మా విశ్వాసం.