శివుని పేరిట బాలురకు గంజాయి తగునా?

"మహాదేవుడే సేవించాడు, మనకు దోషమేమి?" అనే మాట శివరాత్రి జాగరణ వేళ కొన్ని ఆలయాల వెనుక వినబడుతూ ఉంటుంది. చెప్పేవారు పెద్దలు, వినేవారు 14, 15 ఏండ్ల బాలురు. పెద్దవాడు తన దేహాన్ని చెరుపుకొంటే అది అతని కర్మ. బాలుని దేహం ఇంకా నిర్మాణంలోనే ఉన్నది. దానిని చెరిపే అధికారం ఎవరికీ లేదు.

ముందుగా ఆ పూర్వపక్షాన్నే పరిశీలించాలి. పురాణప్రసిద్ధంగా శివుడు కంఠంలో ధరించినది హాలాహలం. అది లోకరక్షణార్థం, మత్తు కొరకు కాదు. హాలాహలం విషయంలో శివుని అనుకరించే సాహసం ఎవరూ చేయరు, చిలుం దగ్గర మాత్రం శివభక్తి జ్ఞప్తికి వస్తుంది! అథర్వవేదం 11వ కాండలో భంగ నామం ఉన్నమాట యథార్థమే. అక్కడ సోముడు ప్రధానుడుగా గల ఓషధులలో ఒకటిగా దానిని పేర్కొని, పాపవిముక్తికై ప్రార్థించడమే కనబడుతుంది. అది ధూమపానవిధి కాదు.

ఆయుర్వేదం ఈ ద్రవ్యాన్ని ఎరుగును. శార్ఙ్గధర సంహిత భంగను 'వ్యవాయి' ద్రవ్యానికి ఉదాహరణగా చెప్పింది. అనగా జీర్ణం కాకమునుపే దేహమంతా వ్యాపించేది. ఇక సుశ్రుతుడు మనుష్యుని వృద్ధికాలం 20 ఏండ్ల వరకు అని నిర్ణయించాడు. ఈ రెండు వాక్యాలను కలిపి ఆలోచిస్తే బాలునికి ఏది అపాయమో వివేకవంతునికి స్ఫురిస్తుంది.

ఆధునికులు కూడా ఆ 20వ ఏటిదాకానే లెక్క చూశారు. పాకిస్తాన్‌లోని రావల్పిండి పరిశోధకులు గంజాయి సేవించే 217 మంది బాలురను, సేవించని 220 మంది బాలురను పోల్చి, ఫలితాలను 2015లో డబ్లిన్‌లో జరిగిన ఐరోపా అంతఃస్రావశాస్త్ర మహాసభలో వెల్లడించారు. సేవించేవారిలో యౌవనాన్ని ప్రేరేపించే హార్మోన్లు అధికంగా, వృద్ధి హార్మోన్ తక్కువగా కనబడ్డాయి. 20 ఏండ్లు వచ్చేసరికి సేవించనివారు సగటున 4 కిలోల అధిక బరువు, 4.6 అంగుళాల అధిక ఎత్తు కలిగి ఉన్నారు. ఇట్టి పోలిక ఒక్కటే కార్యకారణ సంబంధాన్ని సిద్ధాంతీకరించజాలదు. పేదరికం, ఆహారలోపం వంటివి కూడా కారణాలు కావచ్చును. అయినా, నిప్పు ఉన్నదో లేదో తేలేవరకు పొగను ఉపేక్షించే తండ్రి ఉండడు.

శరీరధర్మాన్ని చూసినా శంకకు ఆధారం కలదు. వృద్ధి హార్మోన్ అధికభాగం గాఢనిద్రలో స్రవిస్తుంది. గంజాయి నిద్రాక్రమాన్ని మారుస్తుంది. ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం దేహానికి మూడు ఉపస్తంభాలని చరకుడు చెప్పినది ఇక్కడ స్మరణీయం. యౌవనం ముగిసేసరికి ఎముకల కొనలలోని వృద్ధిభాగం గట్టిపడి మూసుకొనిపోతుంది. పిదప ఏ ఔషధమూ, ఏ మంత్రమూ ఆ ఎత్తును తిరిగి ఇవ్వలేదు.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపాన ఆంధ్ర పోలీసులు దహనం చేసిన గంజాయి సుమారు 2 లక్షల కిలోలు. విశాఖ మన్యంలో పండే ఆ పంట పట్టణాలకు చేరుతుంటే, ఆలయ ప్రాంగణం మాత్రం తప్పించుకొంటుందా?

కావున ఆలయ కమిటీలు జాగరణ రాత్రి బాలురకు రుద్రపారాయణం, భజన, అభిషేకసేవ అప్పగించాలి. చిలుం పట్టే పెద్దను, ఎంతటి భక్తుడైనా, ప్రాంగణం దాటించాలి. అప్పటికే అలవాటుపడిన బాలుని పదిమందిలో అవమానించరాదు. కేంద్ర ప్రభుత్వపు వ్యసనవిముక్తి సహాయ సంఖ్య 14446 కలదు. 1985 నాటి మాదకద్రవ్య చట్టంలోని 64ఏ విభాగం, స్వచ్ఛందంగా చికిత్స కోరే వ్యసనపరునికి స్వల్ప పరిమాణపు కేసులలో విచారణ నుండి రక్షణ కల్పించింది. పోలీసు భయంతో కుమారుని వ్యసనాన్ని దాచే తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియజేయవలసినవారు ఊరి పెద్దలే.