అడిగేవాళ్లను తయారుచేసే నవలలు కావాలి

2024 మార్చిలో పుదుచ్చేరి ముత్యాలపేటలో కనబడకుండా పోయిన తొమ్మిదేళ్ల పాప, మూడు రోజులకు మురుగు కాలువలో శవమై దొరికింది. ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది, 8న బంద్ జరిగింది. ఆ ఆగ్రహం న్యాయమైనది. అయితే ప్రాణాలతో ఉండి, రోజూ బడికి వెళ్లివస్తూ, తమపై జరిగిన లైంగిక హింసను ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయే పిల్లల కోసం ఏ ఊరూ బంద్ చేయదు. వాళ్లకు కావలసింది తమ మాట నమ్మే ఒక మనిషి. ఆ మనిషిని తయారుచేసే పనిలో సాహిత్యానికీ వాటా ఉంది.

అమెరికన్ రచయిత్రి లారీ హాల్స్ ఆండర్సన్ 1999లో వెలువరించిన 'స్పీక్' నవలలో, హైస్కూల్లో చేరబోయే మెలిండాపై వేసవి సెలవుల్లో ఒక పార్టీలో అత్యాచారం జరుగుతుంది. పోలీసులకు ఫోన్ చేస్తుంది గాని నోరు పెగలదు. పోలీసులు రావడంతో పార్టీ చెదిరిపోతుంది. బడి తెరిచాక స్నేహితులంతా ఆమెను వెలివేస్తారు. ఎందుకు ఫోన్ చేశావని ఒక్కరూ అడగరు. కథంతా ఆ పిల్ల గొంతులోనే సాగుతుంది కనుక, తోటివాళ్లు అడగని ఆ ప్రశ్న చదివేవాళ్ల మనసులో మొదలవుతుంది. ఆ నవల సాధించిన గొప్ప పని అదే.

బాధితుల మాట వినే విషయంలో మన చట్టం ఎంతో దూరం నడిచింది. పోలీస్ స్టేషన్‌లో మథుర అనే ఆదివాసీ బాలికపై అత్యాచారం చేశారన్న కేసులో, ఒంటి మీద గాయాలు లేవని 1979లో సుప్రీంకోర్టు పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. ప్రతిఘటించనంత మాత్రాన సమ్మతించినట్టు కాదని శిక్షాస్మృతికి 2013లో చేసిన సవరణ తేల్చిచెప్పింది. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, పిల్లల వాంగ్మూలం తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు. పోలీసులకు ఇన్ని జాగ్రత్తలు చెప్పిన దేశంలో, ఇంట్లో మాత్రం పిల్లకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇప్పటికీ "అసలు నువ్వక్కడికి ఎందుకెళ్లావు?" అన్నదే.

ఓల్గా 'రాజకీయ కథలు' మొదలుకొని తెలుగు స్త్రీవాద కథ ఆడవాళ్ల శరీరం మీద సాగే పెత్తనాన్ని ధైర్యంగా ప్రశ్నించింది. ఆ కథలు పెద్దల కోసం రాసినవి. పద్నాలుగేళ్ల పిల్ల "నేను" అంటూ చెప్పుకొచ్చే నవలలు మనకు అరుదు. వద్దంటే ఆగాలనీ, బదులు రాకపోయినా ఆగాలనీ అబ్బాయిలకు తెలియజెప్పే నవలలు మరీ అరుదు.

రచయితలకు మా విన్నపం: అత్యాచారాన్ని వర్ణించకండి. ఆ మర్నాడు తరగతి గదిలో ఏం జరిగిందో, అన్నం దగ్గర అమ్మ ఏమందో, ఏ స్నేహితురాలు పక్కన నిలబడిందో రాయండి. ప్రచురణకర్తలు వాటిని పిల్లలు కొనగల ధరకు ఇవ్వాలి. యానాం నుంచి హైదరాబాద్ దాకా తెలుగు నేర్పే ప్రతి బడి గ్రంథాలయం, దాచిపెట్టకుండా, పిల్లల చేతికి అందే అరలో వాటిని ఉంచాలి.