కఫన్‌కు జేబు ఉండదు భాయీ!

"ఇరవై అడుగుల లోతులో ఉన్న సోనాను పట్టే మిషన్" అంటూ మన నౌజవాన్ల ఫోన్లకు వీడియోలు వస్తున్నాయి. సాఫ్‌గా చెబుతున్నా, ఇది ధోకా.

మెటల్ డిటెక్టర్ జాదూ కాదు. కాయిల్ నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రం లోహానికి తగిలితే అందులో చిన్న కరెంటు పుడుతుంది. మిషన్ పసిగట్టేది దాన్నే. మామూలు మిషన్‌కు ఒక్క సిక్కా జానెడు లోతులో దొరికితే అదే గొప్ప. ఇనుము ఎక్కువున్న ఎర్రనేలలో ఊరికే కూస్తుంది. దూరం నుంచే బంగారం చూపిస్తామనే యాంటెన్నా పుల్లలు పూరా ఝూట్.

షౌక్ ఉంటే కాదనను. సొంత పొలంలో పారేసుకున్న ఉంగరం వెతుక్కోండి. నేలకు సర్దుకునే గ్రౌండ్ బ్యాలెన్స్, మేకునూ సిక్కానూ వేరు చేసే డిస్క్రిమినేషన్, తడికి ఆగే కాయిల్ ఉన్నాయా అని చూసి కొనండి.

కానీ ఈ మిషన్లు పోతున్నదెక్కడికి? పాత ఖిల్లాలకు, దర్గాలకు, ఖబరస్తాన్లకు! మన మయ్యత్‌తో కఫన్ తప్ప ఏం పెడతాం? మరి బుజుర్గుల ఖబర్ తవ్వితే ఏ ఖజానా దొరుకుతుంది? ఎముకలు, గునాహ్.

కానూన్ కూడా ఉంది. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం 10 రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. దాస్తే జైలే. షరీఅత్‌లోనూ రికాజ్ మీద ఐదో వంతు ఖుమ్స్ ఉంది. గప్‌చుప్‌గా మింగమని ఎక్కడా లేదు.

అమ్మీలూ, అబ్బాలూ! కొడుకు అప్పు చేసి ఆ మిషన్ తెస్తానంటే ఇంట్లోనే ఆపండి. మన బుజుర్గుల ఖబర్లు మన దగ్గరున్న అమానత్.