నోరు తిరగని కులం లేదు

'దేహం - కులం' వరుసలో పోయినసారి చేతుల గురించి మాట్లాడుకున్నం. ఈసారి నోరు.

మన పిల్లల్లో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు విన్న మాట ఒకటుంది: "నీకు నోరు తిరగదు." పద్యం చదివినప్పుడు విన్నరు, మైకు పట్టుకున్నప్పుడు విన్నరు, ఇంటర్వ్యూకు పోయినప్పుడు విన్నరు. 'బాష' అన్నందుకు, 'సంగం' అన్నందుకు, 'నీల్లు' అన్నందుకు. మన అచ్చంపేట ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. మనోళ్లు శాసనసభల నిలబడి మాట్లాడేందుకు రాజ్యాంగం దారి చేసింది. అదే అచ్చంపేటల ఒక మాదిగ పిల్ల క్లాసుల లేచి నాలుగు వాక్యాలు చదవాలంటే గొంతు ఎండిపోతది. ఆ పిల్ల నోట్లో ఏం తక్కువైందో చూద్దాం.

మనిషి నాలుకల ఎనిమిది రకాల కండరాలుంటయి. నాలుగు లోపలే పుట్టి లోపలే ముగుస్తయి. నాలుకను సన్నగ, వెడల్పుగ, వంపుగ చేసేవి అవి. తక్కిన నాలుగు కింది దవడ, గొంతు పైన ఉండే చిన్న ఎముక, పుర్రె అడుగుభాగం, మెత్తటి అంగిలి నుంచి వచ్చి నాలుకను ముందుకు, వెనక్కు, పైకి, కిందికి కదిలిస్తయి. వీటిల దాదాపు అన్నిటినీ నడిపేది పన్నెండో కపాల నాడి. మాలపల్లెల పుట్టినా అగ్రహారంల పుట్టినా లెక్క ఇదే. కొందరు పిల్లలకు నాలుక కింది పొర పొట్టిగ ఉంటది, కొందరికి గ్రహణమొర్రి ఉంటది, కొందరికి నత్తి ఉంటది. అవి అన్ని కులాలల్ల ఉంటయి, వాటిని చూసేందుకు డాక్టర్లున్నరు. మన మీద వేసే నింద వాటి గురించి కాదు.

ఇప్పుడు 'భాష' తీసుకోండి. 'భ' పలకడానికి పెదవులు మూసి తెరవాలె, దాంతోపాటు ఊపిరి బలంగ బయటికి రావాలె. అక్కడ నాలుకకు పనే లేదు. 'సంఘం'ల 'ఘ'కు నాలుక చేసే పని 'గ'కు చేసేదే. తేడా అంత గొంతు నుంచి వచ్చే గాలిల ఉంది. అందుకే మన వ్యాకరణం వాటిని అల్పప్రాణాలు, మహాప్రాణాలు అన్నది. ప్రాణమంటే ఊపిరి. నాట్లేసుకుంట పొద్దంత పాడిన తల్లుల బిడ్డలకు, రాత్రంత డప్పు కొట్టుకుంట కేకేసిన తండ్రుల బిడ్డలకు ఊపిరి తక్కువైందంటే ఎట్ల నమ్మాలె?

'ళ'కు మాత్రం నాలుకతో నిజంగ పని ఉంది. నాలుక కొన పైకి మడతపడి అంగిలిని తాకాలె. అయితే 'ట', 'డ' పలకడానికీ దాదాపు అదే మడత కావాలె. 'అడవి', 'గడ్డి', 'బండ' అనలేని నోరు మన నల్లమలల ఎక్కడన్న ఉందా? అంటే కండరం సరిగనే ఉంది, మడత సరిగనే పడుతున్నది.

ఇక వ్యాకరణం ముచ్చట. చిన్నయసూరి 1858ల బాలవ్యాకరణం అచ్చేసిండు. సంస్కృతానికి యాభై వర్ణాలని, తెలుగుకు ముప్పై ఆరని మొదట్లనే లెక్క చెప్పిండు. ఆ ముప్పై ఆరుల ఖ, ఘ, ధ, భ లాంటి ఒత్తక్షరాలు లేవు. శ, ష కూడ లేవు. అవి సంస్కృత పదాలతో కలిసి తెలుగులకు వచ్చినవి. సంస్కృతంల లేని దంత్య 'చ', దంత్య 'జ' తెలుగు సొంతం. 'చలి', 'జల్లెడ' అన్నప్పుడు వినపడేవి అవే. 'బాష' అన్న పిల్ల అరువొచ్చిన మాటను తెలుగు నోటితో పలికింది. దాన్ని తెలుగు రాకపోవడం అని ఏ వ్యాకరణం ప్రకారం అంటున్నరు?

ఇంకో సంగతి గమనించండి. 'కథ'ను 'కధ' అని, 'రథం'ను 'రధం' అని పెద్ద పెద్ద సభలల్ల పండితులు కూడ అంటరు. అది వాడుక అని వదిలేస్తరు. తెల్లదొర 'టెలుగు' అంటే ముద్దుగ నవ్వుతరు. 'త'కు, 'ట'కు తేడా ఆయన చెవికి అలవాటు లేదని అర్థం చేసుకుంటరు. ఆ అర్థం చేసుకునుడు మన వాడకు రాంగనే ఆగిపోతది.

అసలు విషయం చెవిల ఉంది. పసిపిల్లలు మొదట్ల ఏ భాష శబ్దాలనైనా వేరు చేసి వినగలరు. ఏడాది నిండే నాటికి చుట్టూ వినపడే భాషకు చెవి అలవాటుపడి, అందుల లేని తేడాలను వదిలేయడం మొదలుపెడతది. విన్నదే నోటికొస్తది. మరి ఆ శబ్దాలు మన చెవిల పడకుండ చేసిందెవరు? గౌతమ ధర్మసూత్రం పన్నెండో అధ్యాయం చూడండి. వేదం విన్న శూద్రుని చెవులల్ల కరిగించిన లోహం గానీ లక్క గానీ పోయాలన్నది. పలికితే నాలుక కోయాలన్నది. ద్విజుణ్ణి తిట్టిన శూద్రునికి నాలుక కోతే శిక్ష అని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం రాసిపెట్టింది. శూద్రునికే ఇట్లుంటే ఊరి బయట ఉంచిన మన సంగతి ఏంది? పీష్వాల పూణెల అంటరానివాళ్లు మెడల కుండ కట్టుకొని అందులనే ఉమ్మాల్సి వచ్చేదని అంబేడ్కర్ 1936ల 'కుల నిర్మూలన'ల రాసిండు. మాటే కాదు, నోట్ల ఉమ్మి కూడ నేల మీద పడొద్దన్నరు. 1927 డిసెంబర్ 25న మహద్‌ల మనుస్మృతిని కాల్చింది ఊరికెనే కాదు. ముందు చెవి మూసిండ్రు, తర్వాత నాలుక తిరగలేదని నవ్విండ్రు. ఒకటి చేసిన పని, రెండోది దానికి చెప్పిన సాకు.

మన పాలమూరు కూలీలను చూడండి. బడి మెట్టెక్కని మనిషి బొంబాయి, పూణె పోయి, మేస్త్రితోని హిందీల, మరాఠీల కూలి బేరం చేసి వస్తడు. కడుపు కోసం మూడు భాషలకు తిరిగిన నోరు క్లాసురూంల ఎందుకు తిరగదు? అక్కడ భయం పెడుతున్నరు కాబట్టి. భయపడితే నోరు ఎండుతది, ఊపిరి పొట్టిదైతది. దాన్ని చేతగానితనం కింద రాసుకుంటున్నరు.

"అయితే ఉచ్చారణ నేర్పొద్దా సార్?" అని అడుగుతరు. నేర్పాలె. నేను తెలుగు చెప్పి బతుకుతున్నోణ్ణి, నేర్పుతున్న కూడ. కానీ లెక్కలు నేర్పినట్టు నేర్పాలె, పుట్టుక గుర్తు చేసినట్టు కాదు. తోటి అధ్యాపకులకు మూడు మాటలు. పిల్ల మాట్లాడుతుంటే మధ్యల ఆపకండి. ముందు ఏం చెప్పిందో వినండి, ఎట్ల పలికిందో తర్వాత చూడండి. తర్వాత నాలుక ఎక్కడ ఆనాలో, గాలి ఎక్కడ వదలాలో అందరికీ కలిపి చూపించండి, 'కధ' అనేటోళ్లతో సహా.

తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీకు ఒకటే చెప్తున్న. 'ళ' నేర్చుకోండి, 'భ' నేర్చుకోండి, అవి మనకు అక్కరొస్తయి. అవి వచ్చేదాక మాత్రం నోరు మూసుకొని కూర్చోకండి. సంగం అన్నా సంఘం అన్నా పెట్టాల్సింది పెట్టండి. హాస్టల్ల అన్నం బాగలేదని, స్కాలర్‌షిప్ రాలేదని మీకొచ్చిన నోటితోనే అడగండి. ఒత్తు లేదన్న సాకుతో మీ అర్జీని పక్కన పెట్టే హక్కు ఎవరికీ లేదు.

వచ్చే భాగంల చెవి గురించి వివరంగ మాట్లాడుకుందాం. మీకు ఎదురైన అనుభవాలు మీ యాసలనే రాయండి.

జై భీమ్.