పిన్ని పాలలెక్క

మొన్న కొండపల్లి వెళ్లాను. ఖిల్లా చూడ్డానికీ కాదు, బొమ్మలు కొనడానికీ కాదు. మా పిన్నికి కరెంటు మీటరు మీద అనుమానం వచ్చింది. పాత మీటరులో చక్రం కంటికి కనిపించేది. ఇస్త్రీ పెట్టె పెడితే పరుగెత్తేది, తీస్తే నెమ్మదించేది. కొత్తదానిలో చక్రం లేదు. ఎర్రదీపం ఒకటి కన్ను గీటుతూ ఉంటుంది. బిల్లు మాత్రం పెరిగింది.

"కరెంటు పుట్టేది పక్కనున్న ఇబ్రహీంపట్నంలోనే గదరా! ఆ దీపం ఎవరి లెక్క చెబుతున్నట్టు?" అన్నది.

అడగవలసిన ప్రశ్నే. కరెంటు కాలవనీరులాంటిది. పెరిగినా తగ్గినా జారుగా సాగుతుందే గాని, దానికి అంకెలు తెలియవు. ఇంజనీర్లు దీన్నే ఎనలాగ్ అంటారు. కొత్త మీటరులో లెక్కగట్టే భాగం డిజిటల్; దానికి ఒకటీ, సున్నా తప్ప మరో మాట రాదు. పాత మీటరుకు ఈ ఇబ్బంది లేదు. హంగరీ దేశపు ఒట్టో బ్లాతీ 1889లో పేటెంటు పొందిన పద్ధతిలో కరెంటే చక్రాన్ని తిప్పేది, చక్రమే అంకెలను తిప్పేది.

ఇప్పుడు ఆ రెంటి మధ్యా ఒక దుబాసీ కావాలి. నిచ్చెన మెట్లలా సన్నసన్నని కొలతలు పెట్టి, కరెంటు ఏ మెట్టు దాకా వచ్చిందో చూడడం ఒక పద్ధతి. మెట్లన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండాలి. అదే ఖర్చు.

మరో ఉపాయం ఉన్నది. దాని మూలం అమెరికాలో బెల్ లాబొరేటరీస్‌కు చెందిన కట్లర్ 1954లో దాఖలు చేసిన పేటెంటులో కనిపిస్తుంది. 1962లో టోక్యో విశ్వవిద్యాలయంలో హిరోషి ఇనోసె, యసుహికో యసుదా ప్రభృతులు దానికి చక్కని రూపమిచ్చి, డెల్టా-సిగ్మా అని పేరు పెట్టారు. డెల్టా అంటే మన కృష్ణా డెల్టాయే! అదే గ్రీకు అక్షరం. నేల ఆకారాన్ని బట్టి మనకు వచ్చింది. వాళ్లకు తేడా అనే అర్థంలో వచ్చింది. సిగ్మా అంటే కూడిక.

పిన్నికి ఇలా చెప్పాను: "నీకు రోజుకు ఒకటింబావు సోల పాలు కావాలి. పాలవాడి దగ్గర ఉన్నది సోల ఒక్కటే. ఏం చేస్తాడు?"

"మూడు రోజులు సోలెడు పోసి, నాలుగోనాడు రెండు పోస్తాడు. పావు బాకీ గుర్తుంచుకుంటాడు."

అదే ఆ ఉపాయం! కొలత మొరటుదే, కాని బాకీ మరిచిపోదు. ఏ రోజుకారోజు చూస్తే లెక్క తప్పు; నెలకు చూస్తే సరి. ఈ పాలవాడు సెకనుకు లక్షల సార్లు పోస్తాడు గనుక, నెల గడవడానికి మనకు రెప్పపాటు పట్టదు. అలా కరెంటునూ వోల్టేజినీ అంకెలు చేసి, రెంటినీ గుణించి కూడుతుంది చిప్పు. కొంత మొత్తం కాగానే దీపం కన్ను గీటుతుంది.

పిన్ని నమ్మలేదు. సరే, లెక్కపెట్టి చూద్దామన్నాను. ఆమె మీటరు మీద యూనిట్‌కు 3200 అని రాసి ఉన్నది. ఇంట్లో అన్నీ ఆర్పి, 1000 వాట్ల నీళ్లు కాచే రాడ్డు ఒక్కటే బకెట్టులో ముంచి పెట్టాం. గంటకు ఒక యూనిట్. అంటే నిమిషానికి సుమారు 53 సార్లు వెలగాలి. వోల్టేజి 230 నుంచి 200కు పడితే 40 సార్లే.

పిన్ని గడియారం చూస్తూ లెక్కపెట్టింది. 47 వచ్చాయి. వోల్టేజి కాస్త తక్కువగా ఉన్నట్టున్నది.

"మరి బిల్లెందుకు పెరిగింది?"

అరిగిన పాత చక్రం చిన్న చిన్న వాడకానికి కదిలేది కాదు, వీడు మాత్రం ఆ బాకీ కూడా గుర్తుంచుకుంటాడన్నాను. పిన్ని ఏమీ అనలేదు. ఆపేసిన టీవీ మీద ఇంకా వెలుగుతున్న చుక్కదీపం వంక చూసి, లేచి వెళ్లి ప్లగ్గు ఊడదీసింది.